పశువుల ఆస్పత్రిలో మూడు గోల్స్

పాలవంక డిగ్రీ కాలేజీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉందన్న సంగతి పద్నాలుగేళ్ళుగా రెండు వర్గాలకే తెలుసు. ఒకటి, ఆ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ ఓబులపతి. రెండోది, ఏటా మొదటి రౌండులోనే ఆ జట్టును చితకబాది ఇంటికి పంపే ప్రత్యర్థులు. మిగతా లోకం తన పని తాను చూసుకునేది.

అలాంటిది ఆ ఏడాది ఏ దేవుడు కరుణించాడో, పదకొండు మంది ఆడగలిగిన పిల్లలు ఒకేసారి వచ్చి పడ్డారు. వాళ్ళలో కెప్టెన్ దాదాఖలందర్ అని బీకాం మూడో సంవత్సరం కుర్రాడు. బక్కపల్చటి మనిషి. బంతి కాలికి దొరికిందంటే వాణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఓబులపతికి ఆ నెల్లాళ్ళూ అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. యాభై ఏళ్ళ వయసులో మొదటిసారి గెలవబోతున్నామేమోనన్న అనుమానం మనిషిని అలా తినేస్తుంది.

సరిగ్గా అప్పుడే కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తుందని కబురొచ్చింది. కబురు వెనకే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త బోధన, బోధనేతర సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట కళాశాలలో జరుగు ప్రతి కార్యక్రమమునకు బ్యానరుతో కూడినదియు, స్థలము, తేదీ, సమయము ముద్రితమైనదియు అగు జియోట్యాగ్ ఫొటో ఉండవలెను. ఫొటో లేని కార్యక్రమము జరగనట్లుగా పరిగణించబడును."

దీన్ని రాసినవాడు క్వాలిటీ సెల్ కోఆర్డినేటర్ డాక్టర్ శేషఫణి. జువాలజీ మనిషి. కప్పలను కోసినన్నాళ్ళు అవి కప్పలేనా అని ఏనాడూ సందేహించనివాడు, ఈ పదవి వచ్చాక ప్రతిదానికీ ఋజువు అడగడం మొదలెట్టాడు. వారం తిరక్కుండా కాలేజీ మొత్తం దారికొచ్చింది. తెలుగు లెక్చరర్ పాఠం మధ్యలో ఆగి, "ఇది జరుగుతోందా, లేదా?" అని వెనక బెంచీవైపు చూసేవాడు. వెనక బెంచీలో ఫోన్ పైకి లేస్తే తప్ప తర్వాతి పద్యం ఎత్తుకునేవాడు కాదు. ఆఫీసు సూపరింటెండెంట్ ముందుజాగ్రత్తగా కూతురి పెళ్ళిలో తాళి కట్టే చోట బ్యానర్ కట్టించాడు.

ఓబులపతికి ప్రిన్సిపాల్ గదినుంచి పిలుపొచ్చింది. ప్రిన్సిపాల్ విరూపాక్షయ్య మంచివాడే. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాట వినే మంచితనం ఆయనది. పక్కనే శేషఫణి ఫైలు పట్టుకుని ఉండడంతో చివర మాట్లాడబోయేది ఎవరో ఓబులపతికి అర్థమైపోయింది.

"మైదానం, మూడెకరాలు. ఆధారాలు, శూన్యం." శేషఫణి ఫైలు మూశాడు. "అదే స్థలంలో ఔషధ మొక్కల వనం పెడితే హరిత ప్రాంగణం శీర్షిక కింద ఇరవై మార్కులు. కావున, మైదానాన్ని వనంగా మార్చుటకు ప్రతిపాదించడమైనది."

"మరి పిల్లోళ్ళు యాడ ఆడల్ల సార్?" అన్నాడు ఓబులపతి.

"క్యారమ్స్ ఉన్నాయి కదయ్యా," అన్నాడు ప్రిన్సిపాల్. ఓబులపతి మొహం చూసి కాస్త కరిగాడు. "పోనీ, అంతర కళాశాలల కప్పు తెచ్చుకో. కప్పుకి ఇరవై అయిదు మార్కులు. కప్పొస్తే మైదానం నీది. రాకపోతే ఆ స్థలంలో తులసి, కలబంద."

ఓబులపతి గుండెలో రాయి పడింది. కానీ బయటికొచ్చి మైదానంలో ఖలందర్ బంతిని తలమీద నిలబెట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరకు నడవడం చూశాక ప్రాణం కుదుటపడింది. కప్పు తేవడం కష్టం కాదనిపించింది. కష్టం ఎక్కడుందో అతనికి అప్పటికింకా తెలీదు.

మొదటి మ్యాచ్ గంగదొడ్డి కాలేజీతో, పాలవంక మైదానంలోనే. మొదటి సగంలో ఖలందర్ ఉత్తరపు గోల్‌పోస్టులో మూడు గోల్స్ కొట్టాడు. రెండో సగంలో వైపులు మారాక దక్షిణపు పోస్టులో ఇంకొకటి. గంగదొడ్డి వాళ్ళకి ఒక్కటీ రాలేదు. పద్నాలుగేళ్ళలో మొదటి గెలుపు. ఓబులపతి విజిల్ నోట్లో పెట్టుకునే ఏడ్చాడు, దాంతో అది కొంతసేపు అదే పనిగా మోగింది.

మర్నాడు యూనివర్సిటీ వెబ్‌సైటులో ఫలితం వచ్చింది. పాలవంక సున్నా, గంగదొడ్డి సున్నా.

ఓబులపతి ఫోన్ పట్టుకుని శేషఫణి దగ్గరికి పరిగెత్తాడు. శేషఫణి నింపాదిగా ఫొటోలు చూపించాడు. నాలుగో గోల్ పడే సమయానికి తాను బ్యానర్ ముడతలు సరిచేస్తున్నందున అది ఫొటోకి అందలేదు, కాబట్టి జరగలేదు. మొదటి మూడూ బ్రహ్మాండంగా వచ్చాయి. బంతి, వల, ఖలందర్ కాలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కాకపోతే ఉత్తరపు గోల్‌పోస్టు వెనక గోడకి అవతల ప్రభుత్వ పశువుల ఆస్పత్రి ఉంది. ఫోన్ ఆ మూడు ఫొటోల కిందా ఆ ఆస్పత్రి చిరునామా అచ్చేసింది.

"అంటే నేను కొట్టిన గోల్స్ పశువుల ఆస్పత్రిలో పడినాయంటనా సార్?" వెంట వచ్చిన ఖలందర్ కళ్ళు ఇంతలు చేశాడు.

"అక్షాంశ రేఖాంశాల ప్రకారం, అవును," అన్నాడు శేషఫణి.

"కండ్లతో చూసినారు గద సార్ మీరు!" అన్నాడు ఓబులపతి.

"వ్యక్తిగతంగా చూశాను. అధికారికంగా చూడలేదు. ఉపగ్రహం అబద్ధమాడదండీ."

ఉపగ్రహం సంగతి అక్కడితో ఆగలేదు. యూనివర్సిటీ కంప్యూటర్ ఫొటో కింద ఏ సంస్థ చిరునామా ఉంటే ఆ సంస్థకే గోల్స్ జమ చేస్తుంది. సాయంత్రానికి లీగ్ పట్టికలో మూడు గోల్స్‌తో పశువుల ఆస్పత్రి మొదటి స్థానంలో నిలిచింది. రెండో రౌండ్‌కి అర్హత సాధించినందుకు అభినందనలు తెలుపుతూ, జట్టు సభ్యుల వివరాలు మూడు ప్రతుల్లో పంపాలని ఆస్పత్రికి ఉత్తరం కూడా వెళ్ళింది. అక్కడి డాక్టరు మర్యాదస్తుడు. తమ సిబ్బంది మొత్తం ముగ్గురేననీ, అందులో అటెండర్‌కి మోకాలి నొప్పి ఉందనీ, అందువల్ల టోర్నమెంటునుంచి సవినయంగా తప్పుకుంటున్నామనీ జవాబు రాశాడు. అలా ఖాళీ అయిన చోటు పాలవంకకి దక్కింది.

గోల్‌పోస్టును జరుపుదామని ఓబులపతి అడిగాడు. అది స్థిరాస్తి రిజిస్టరులో ఉన్నందున జరపడానికి టెండరు పిలవాలన్నారు. చివరికి శేషఫణే దారి కనిపెట్టాడు. కాలేజీ చిరునామా వచ్చేది దక్షిణపు గోల్‌పోస్టు దగ్గరే. రెండో మ్యాచ్‌కి వచ్చే కాలేజీ వాళ్ళు ఉత్తరాన వేసినా ఆ గోల్స్ ఆస్పత్రికే పోతాయి. కాబట్టి ఇరు జట్లూ దక్షిణపు పోస్టులోనే గోల్స్ వెయ్యాలి.

"రెండు జట్లూ ఒకే దాంట్లోనా?" అన్నాడు ఓబులపతి. "ఇదేం ఫుట్‌బాల్ సార్?"

"సమన్వయంతో కూడిన ఫుట్‌బాల్," అన్నాడు శేషఫణి. అవతలి కాలేజీ కోఆర్డినేటర్ కూడా వెంటనే ఒప్పుకున్నాడు. సర్క్యులర్లు అందరికీ ఒకటే.

రెండో మ్యాచ్‌లో మైదానం ఒకవైపే ఊరంతా, రెండోవైపు శూన్యం. ఇద్దరు గోల్‌కీపర్లూ ఒకే పోస్టులో భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. పాలవంక బంతి తెస్తే పాలవంక కీపర్ పక్కకి జరిగి, "రాప్పా, నీ వంతు," అనేవాడు. అవతలివాళ్ళు తెస్తే అవతలి కీపర్ మర్యాదగా జరిగేవాడు. మ్యాచ్ సగమయ్యేసరికి వాళ్ళిద్దరూ ఒకే బుట్టలో వేరుశనక్కాయలు తింటున్నారు. వైపులు మారే సమయం వస్తే మారడానికి వైపే లేదు. అందరూ ఉన్నచోటనే ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదలెట్టారు.

అయినా సరే ఖలందర్ రెండు గోల్స్ కొట్టాడు. ఇద్దరు కీపర్ల మధ్య సందులోంచి కొట్టాడు. ఓబులపతి ఎగిరి గంతేశాడు. శేషఫణి చెయ్యి పైకెత్తాడు.

"వన్ మోర్ ప్లీజ్. ప్రిన్సిపాల్ గారు ఫ్రేములో పడలేదు."

అధికారుల సమక్షం లేని కార్యక్రమానికి సగం మార్కులేనట. ప్రిన్సిపాల్‌ని కుర్చీతో సహా తెచ్చి గోల్ మధ్యలో కూర్చోబెట్టారు. బ్యానర్ గోల్‌కి అడ్డంగా కట్టారు. ఖలందర్ మళ్ళీ పరిగెత్తుకొచ్చి, ప్రిన్సిపాల్ చెవి పక్కనుంచి, బ్యానర్ కిందనుంచి బంతిని లోపలికి పంపాలి. అయిదుసార్లు చేశాడు. ఒకసారి ప్రిన్సిపాల్ కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి బంతి ఫొటోలో రాలేదు. ఒకసారి అన్నీ బాగా వచ్చాయి గానీ ఖలందర్ నవ్వలేదు. విద్యార్థి సంతృప్తి అనే కాలమ్ ఉంది కదా.

"నవ్వప్పా," అన్నాడు ఓబులపతి నీరసంగా.

"నవ్వుతా తన్నితే బంతి మీద చూపు నిలవదు సార్," అన్నాడు ఖలందర్.

అవతలి కోఆర్డినేటర్ ఊరుకోలేదు. మీరు గోల్ కొట్టిన ఫొటో తీసుకుంటే మేం గోల్ ఆపిన ఫొటో తీసుకుంటామన్నాడు. న్యాయమే కదా. అదే గోల్‌ని ఆపుతున్నట్టు ఆరోసారి తీశారు. యూనివర్సిటీ ఆ ఫొటోలన్నీ చూసి, పాలవంక వాళ్ళు గోల్ కొట్టారనీ, దాన్ని అవతలివాళ్ళు ఆపారనీ, రెండూ ఋజువైనందున ఇద్దరినీ తర్వాతి రౌండ్‌కి పంపుతున్నామనీ ప్రకటించింది.

అలా సీజన్ ముందుకు సాగింది. సాగేకొద్దీ ఆట పలచబడింది. మూడో మ్యాచ్‌లో ముందు ఫొటోలు తీసుకుని తర్వాత ఆడదామన్నారు. నాలుగో మ్యాచ్‌లో ఫొటోలు అయ్యేసరికి వచ్చినవాళ్ళ బస్సుకి వేళయింది. అయిదో మ్యాచ్‌కి బంతి ఎవరూ తేలేదు, తేలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. ఒక్క ఓబులపతి గమనించాడు. పరిగెత్తుకెళ్ళి బంతి తెచ్చేసరికి "కార్యక్రమం అనంతరం" ఫొటోలో అందరూ సమోసాలు తింటున్నారు.

ఆ సాయంత్రం ఖలందర్ అతని గదికొచ్చి బూట్లు బల్లమీద పెట్టాడు.

"నాకొద్దు సార్ ఈ టీము. ఫైనల్‌కొచ్చినామంట. యాడ గెలిచి వచ్చినాం? ఇంట్లో మా ముసిలి జేజి అడుగుతాంది, ఎవుర్ని ఓడిచ్చినార్రా అని. నేనేం చెప్పల్ల?"

ఓబులపతి వాడి బూట్లు వాడి చేతిలో పెట్టి, "ఫైనల్ నిజంగా ఆడదాం. నేను మాట్లాడ్తాలే," అన్నాడు. ఫైనల్ ఎర్రవంక కాలేజీతో. ఎర్రవంక జట్టు నిజంగానే గట్టిది, అక్కడి కెప్టెన్ మద్దిలేటి అంటే యూనివర్సిటీ మొత్తంలో హడలు. ఆ ఒక్క ఆటా ఆడితే చాలు, గెలిచి కప్పు తెస్తే మైదానం దక్కుతుంది, ఇన్నాళ్ళ అవమానమూ కడుక్కుపోతుందని ఓబులపతి ఆశ.

ఫైనల్ రోజు పొద్దున తొమ్మిదికి రెండు జట్లూ దిగాయి. తొమ్మిదీ పన్నెండుకి ఫైనల్ అయిపోయింది. ఇద్దరు కోఆర్డినేటర్లకూ పదకొండు లోపల అప్‌లోడ్ చెయ్యాలన్న గడువుంది. పాలవంక జట్టు కప్పు ఎత్తుకుని ఒక ఫొటో, ఎర్రవంక జట్టు కప్పు ఎత్తుకుని ఒక ఫొటో. మద్దిలేటి, ఖలందర్ ఎదురెదురుగా నిలబడి ఒకళ్ళనొకళ్ళు ఆకలిగా చూసుకున్నారు.

"సార్, మ్యాచ్ ఆడల్ల గదా!" ఓబులపతి శేషఫణికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆడుటకు అభ్యంతరం లేదండీ. కానీ మైదానం పది గంటలకి రక్తదాన శిబిరం ఫొటోకి కేటాయించబడింది."

సరే, కప్పు ఫొటో అయినా ఉంది, మైదానం దక్కింది కదా అని ఓబులపతి మనసుకి సర్దిచెప్పుకున్నాడు. అదీ మూణ్ణాళ్ళ ముచ్చటే. ఎర్రవంక ఫొటో తీసుకున్నాక కప్పు ఆగలేదు. దాన్ని పక్క కాలేజీ వాళ్ళు బస్సు పార్సిల్లో తెప్పించుకున్నారు, వాళ్ళ దగ్గరినుంచి ఆ పక్కవాళ్ళు. వారంలో అది జిల్లా అంతా తిరిగొచ్చింది. యూనివర్సిటీ సగర్వంగా ప్రకటించింది. "చరిత్రలో ప్రథమముగా, అనుబంధ కళాశాలలు పద్దెనిమిదియు ఫుట్‌బాల్ విజేతలుగా నిలిచినవి. ఓడిన జట్టు లేదు."

ప్రిన్సిపాల్ ఓబులపతిని పిలిపించాడు. శేషఫణి పక్కనే ఉన్నాడు.

"అందరూ గెలిచారు కనుక కప్పును ప్రత్యేక విజయంగా పరిగణించరాదని స్పష్టీకరణ వచ్చింది," అన్నాడు శేషఫణి. "మార్కులు సున్నా. కావున వనం ప్రతిపాదన యథాతథం."

"ఏమనుకోకు ఓబులపతీ," అన్నాడు ప్రిన్సిపాల్.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. ఓబులపతి ఆ రోజు ఇంటికి వెళ్ళలేదు. మైదానంలో తెల్లగీతల మీద అటూ ఇటూ నడిచాడు. పద్నాలుగేళ్ళు తన చేత్తో సున్నం పోసిన గీతలు. రేపు వాటిమీద కలబంద మొలుస్తుంది.

మర్నాడు పొద్దున ఒక ఆటో వచ్చింది. అందులో నర్సరీనుంచి తెచ్చిన ముప్పై కుండీలు. శేషఫణి వాటిని మైదానం మధ్యలో నాలుగు వరసలు పెట్టించాడు. వెనక బ్యానర్, ముందు ప్రిన్సిపాల్, చేతిలో నీళ్ళ మగ్గు. కార్యక్రమానికి ముందు, కార్యక్రమం జరుగుతుండగా, కార్యక్రమం అనంతరం, మూడు ఫొటోలు. కుండీల వరసలు అటూ ఇటూ మార్చి నాలుగు మూలలా తీశారు. మూడెకరాల వనంలా కనబడింది. ఇరవై నిమిషాల్లో కుండీలు మళ్ళీ ఆటో ఎక్కాయి.

ఓబులపతి గునపాలు పట్టుకొచ్చేవాళ్ళ కోసం దారివైపు చూస్తున్నాడు. ఎవరూ రాలేదు.

"గుంతలు ఎప్పుడు తవ్వుతారు సార్?" అని అడిగాడు.

"గుంతలా? గుంతలెందుకండీ?" శేషఫణి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వనం వచ్చేసింది కదా." ఫోన్‌లో చూపించాడు.

ఓబులపతి ఫొటో చూశాడు. మైదానం చూశాడు. ఫొటోలో తులసి, కలబంద, నేలవేము. ఎదురుగా గోల్‌పోస్టులు, గీతలు, మూడెకరాల ఎర్రమట్టి. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఎన్నడూ లేనంత వినయంగా శేషఫణికి నమస్కారం పెట్టి, అక్కడినుంచి గబగబా వెళ్ళి ఖలందర్‌కి ఫోన్ చేశాడు.

"మద్దిలేటి నంబరుండాదా నీ దగ్గర?"

తనిఖీ బృందం వచ్చే రోజుకే ముహూర్తం పెట్టుకున్నారు. ఆ రోజైతే కాలేజీలో ఉన్న ఫోన్లన్నీ, బ్యానర్లన్నీ సెమినార్ హాల్లో ఉంటాయి. ఎర్రవంక పిల్లలు వాళ్ళంతట వాళ్ళే బస్సెక్కి వచ్చారు. వాళ్ళకీ తేల్చుకోవలసిన లెక్క ఉంది. ఓబులపతి రెండు గోల్‌పోస్టులకీ వలలు కట్టి, ఇద్దరు కీపర్లనీ ఎవరి చోట వాళ్ళని నిలబెట్టాడు. మ్యాచ్ మొదలెట్టేముందు రెండు జట్ల చేతా సెల్‌ఫోన్లు తీయించి తన సంచిలో వేసి తాడు కట్టాడు.

పై అంతస్తులో తనిఖీ బృందం ఛైర్మన్ ఫైలు తిప్పుతూ కిటికీ దగ్గరికి వచ్చాడు. ప్రిన్సిపాల్ వెనకే వచ్చి కిందికి చూసి తెల్లబోయాడు. కింద ఇరవై ఇద్దరు దుమ్ము రేపుతూ పరిగెడుతున్నారు. ఖలందర్ అప్పుడే గోల్ కొట్టాడు, అరుపులు కిటికీ అద్దాలను తాకుతున్నాయి.

"అదేమిటి?" అన్నాడు ఛైర్మన్.

శేషఫణి ముందుకొచ్చాడు. "ఔషధ మొక్కల వనం సార్."

ఛైర్మన్ ఫైల్లో ఫొటో చూశాడు. కిందికి చూశాడు. జేబులోంచి తన ఫోన్ తీసి అక్షాంశం పోల్చాడు, రేఖాంశం పోల్చాడు. దశాంశాలతో సహా సరిపోయాయి. కళ్ళజోడు తుడుచుకుని మరోసారి కిందికి చూసి, ఇక చూడకపోవడమే క్షేమమనుకున్నాడో ఏమో, ఫైలు మీద టిక్కు పెట్టాడు.

"చాలా ఏపుగా ఉంది," అన్నాడు.

కింద ఆట రెండు–రెండు దాకా వచ్చి అక్కడే చాలాసేపు నిలిచింది. చివరి నిమిషంలో మద్దిలేటి ముగ్గురిని తప్పించుకుని, పాలవంక కీపర్ చేతికి అందకుండా మూలకి కొట్టాడు. బంతి వలలో పడింది. ఓబులపతి గడియారం చూసుకుని, మనసు రాకపోయినా విజిల్ ఊదాడు. మూడు–రెండు. పాలవంక ఓడిపోయింది.

ఖలందర్ పడ్డచోటే కూర్చుని మోకాళ్ళలో తలపెట్టి ఏడుస్తున్నాడు. ఓబులపతి వెళ్ళి పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు.

"ఓడిపోయినాం సార్," అన్నాడు వాడు తలెత్తకుండా. "ఆ బంతిని నేను ఆపుండల్ల. నాదే తప్పు."

"అవునప్పా, నీదే," అన్నాడు ఓబులపతి. వాడి వీపు మీద చెయ్యి వేశాడు. "యూనివర్సిటీలో పద్దెనిమిది కాలేజీలుండాయి. ఈ సంవత్సరం ఒగ కాలేజీ గూడా ఓడిపోలేదంట. ఓడిపోయింది మనమొక్కరమే గదప్పా."

అంటూండగానే అతనికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధే. నిఖార్సయిన, ఒళ్ళంతా నొప్పెట్టే బాధ. ఈ సీజన్ మొత్తంలో అతనికి దొరికిన అసలైన వస్తువు అదొక్కటే, దాన్ని ఎవరికైనా ఇచ్చేయమంటే ఇచ్చేవాడు కాదు.

మద్దిలేటి రొప్పుతూ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కాలితో మట్టి గీకాడు.

"సార్, మళ్ళీ ఎప్పుడు ఆడదాం?"

ఓబులపతి నోరు తెరిచేలోపల ఖలందర్ చొక్కా అంచుతో మొహం తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"రేపే రాండప్పా," అన్నాడు. "నిద్రెట్ల పడ్తాది నాకు?"